పెట్టెలో పెట్టిన కాగితము

2023 వేసవిలో మా చెల్లెలికి శస్త్రచికిత్స జరుగవలసియుండగా, దాని కుమార్తె ఆరేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని టెక్సాసునుండి శ్రీకాకుళము వచ్చెను. వచ్చిన మూడవ వారమున, నాగావళి యొడ్డుననున్న మా యింటికి ఎవరో యొక మనిషి వచ్చి దొడ్డ కవరొకటి ఆమె చేతికిచ్చి, సంతకము పెట్టించుకొని పోయెను. భర్త అక్కడి కోర్టులో విడాకులకై వేసిన దావా కాగితములవి.

“పెద్దమ్మా, దీనికి జవాబు వ్రాయవలెనా?” అని పిల్ల మమ్మడిగినది.

మా బంధువర్గములో మాకు నాలుగక్షరములు తెలిసినవారమను పేరు కలదు. ఆ పేరు నిలుపుకొనవలెనను తొందరలో, “అక్కరలేదమ్మా. పరదేశపు కోర్టు మన పెండ్లిని త్రెంచజాలదు. పెట్టెలో పెట్టుము” అంటిమి. ఆమె ఆ కవరును పొందూరు చీరెల క్రింద దాచినది. ఆ మాట తలపునకు వచ్చిన రాత్రులలో మాకు నేటికిని నిద్రపట్టదు.

మేము చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. 1975లో తిరుపతిలో పెండ్లియాడిన యొక తెలుగు దంపతుల వ్యాజ్యము మన సుప్రీం కోర్టువరకు పోయినది. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమున తొంబది దినములు కాపురమున్నట్లు చూపి విడాకులు తెచ్చుకొని, ఇచ్చట మరల పెండ్లి చేసికొనెను. 1991లో న్యాయమూర్తులు ఆ విడాకులు మనదేశమున చెల్లవనిరి. ఏ ధర్మమును బట్టి పెండ్లి జరిగినదో ఆ ధర్మము చెప్పిన కారణములమీదనే విడాకులు కలుగవలెననియు, భార్య మనసారా ఒప్పుకొన్ననో, ఆ కోర్టు అధికారమునకు తానై లోబడి వాదించిననో తప్ప అట్టి తీర్పు ఆమెను కట్టజాలదనియు సారాంశము. ఇది మేము పత్రికలలో చదివి జ్ఞాపకముంచుకొన్న సంగతి. ఇందులో దోషము లేదు. దోషమెల్ల మేము ఇంతటితో ఆగుటయందే యున్నది.

గ్రీన్‌కార్డు ఇచ్చునది మన సుప్రీం కోర్టు కాదు గదా!

ఆమె భర్త హెచ్-1బి వీసామీద ఉద్యోగి. ఆమె హెచ్-4 మీద భార్య. ఉద్యోగములనుబట్టి యిచ్చు కార్డులలో ఒక్కొక్క దేశమువారికి నూటికి ఏడుకు మించరాదని 1990 నాటి చట్టము కట్టడిచేయుటచే భారతీయుల వరుస ఏండ్ల తరబడి సాగుచున్నది. 2020 అక్టోబరులో తారీకులు ముందునకు జరిగినపుడు అనేక కుటుంబములతోపాటు వీరును ఐ-485 దరఖాస్తులు దాఖలు చేసిరి. భర్తకొకటి, భార్యకొకటి, బిడ్డకొకటి. కాగితములు మూడే గాని వేరు ఒక్కటే. భార్య దరఖాస్తు భర్త దరఖాస్తు నానుకొని నిలుచును. దానిని ఆమోదించు దినమున ఆమె భార్యయై యుండవలెను. దావా వేసినంత మాత్రమున, వేరింట నున్నంత మాత్రమున వివాహము తెగిపోదు. తీర్పు వెలువడిన దినముననే హెచ్-4యును, వరుసలోని చోటును రెండును పోవును. కార్డు చేతికి వచ్చిన మరునాడు విడాకులైనచో, పెండ్లి నిజమైనదే యగునెడల, కార్డు పోదు. ఒక్క దినము తేడా!

టెక్సాసులో దావా వేసిన అరువది దినములకు పిమ్మట తీర్పు పొందవచ్చును. మా పిల్ల జవాబు వ్రాయలేదు గనుక తీర్పు ఏకపక్షముగా వచ్చినది. అది ఇచ్చట చెల్లకపోవచ్చును. ఆ రాష్ట్రమున చెల్లును. వలస కార్యాలయమువారు చూచునది దానినే. కొన్ని నెలలకు ఆమె దరఖాస్తు త్రోసివేయబడినదని ఉత్తరము వచ్చెను. శ్రీకాకుళములో ఆమె యింకను ఇల్లాలు, డల్లాసులో కాదు.

అన్నింటికంటె మమ్ము కలచివేసినది బిడ్డ సంగతి. దంపతులు విడిపోయినను తండ్రికి బిడ్డ బిడ్డయే కావున, ఇచ్చటనే పుట్టిన ఆ పసిదాని దరఖాస్తు తండ్రి వెంట నిలిచియేయున్నది. తల్లి వరుసనుండి తొలగినది. ఒడిలోని బిడ్డ వరుసలో నున్నది.

మన ప్రాంతపు మగవారు రంగూనునకు కూలికి పోయిన దినములలో భార్యలు మనియార్డరుకై తపాలా బంట్రోతును కనిపెట్టుకొని యుండెడివారని మా అమ్మమ్మ చెప్పెడిది. డబ్బు రాకపోయినను వారు భార్యలు కాకపోలేదు.

జవాబు వ్రాసియుండినచో పెండ్లి నిలిచెడిదా? నిలిచెడిది కాదు. అక్కడి చట్టములో ఒకరికి వలదన్నచో చాలును. కాని గడువు దొరకెడిది. ఆ గడువులో ఆమె తిరిగిపోయి, తీర్పు రాకముందే విద్యార్థిని వీసాకో, తన చదువునకు తగిన ఉద్యోగముపై వీసాకో మారుటకు యత్నించియుండవచ్చును. బిడ్డ పోషణ సంగతి కోర్టు నడిగియుండవచ్చును. జవాబు వ్రాయుట ఆ కోర్టునకు లోబడుటయే యగునేమో యని జంకువారికి, అధికారమునకు అభ్యంతరము తెలుపుచునే హాజరగు పద్ధతియు కలదట. ఏది మేలో ఆ రాష్ట్రపు వకీలు చెప్పవలెను, పెద్దమ్మ కాదు.

అమెరికా పౌరుని పెండ్లాడినవారి దారి కొంత వేరు. వారికిని కార్డు రాకముందు విడాకులైనచో భర్త వేసిన ఐ-130 పడిపోవును. పెండ్లియై రెండేండ్లు నిండకమునుపు కార్డు వచ్చినచో అది రెండేండ్ల షరతు కార్డు. ఆ నడుమ విడాకులైనను, పెండ్లి మోసము కాదని ఋజువు చేసి ఆమె యొక్కతియే ఐ-751 వేసికొనవచ్చును.

ఇక పెద్దలు చెప్పు మాట యొకటి కలదు: “కార్డు వచ్చువరకు ఓర్చుకొనుము.” దెబ్బలు తినుచున్న ఆడుబిడ్డకు సయితము ఈ మాట చెప్పిన తల్లులను మేమెరుగుదుము. భర్త పౌరుడైనను, గ్రీన్‌కార్డు గలవాడైనను, హింస పడిన భార్య తనంతట తానే దరఖాస్తు చేసికొనుటకు 1994 నాటి చట్టము దారి యిచ్చినది. హింస కారణముగా విడాకులైన రెండేండ్లలోపున కూడ ఆ దారి మూతపడదు. హెచ్-1బి వారి భార్యలకు ఆ దారి లేదు. వారికి 2005 నాటి సవరణవలన ఉద్యోగానుమతియు, నేరమునకు గురియై పోలీసులకు సాయపడినవారికి యు-వీసా యను ఆశయు మిగిలినవి. చిన్న సందులే, అయినను సందులు.

మా పిల్ల కవరును పెట్టెలోనుండి తీసి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయినది. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయమెంతయైనను, అచ్చట వకీలును ఉచితముగా నిత్తురు. ఈ సంగతియు మాకు ఆలస్యముగనే తెలిసినది. ఇప్పుడామె తన పేరనే అమెరికాలో చదువునకు సీటు తెచ్చుకొని, వీసాకై హైదరాబాదు కాన్సులేటునకు పోవ సిద్ధపడుచున్నది.

నిన్న దరఖాస్తు నింపుచు, “పెద్దమ్మా, వివాహస్థితి యన్న గడిలో ఏమని వ్రాయుదును?” అని మమ్మడిగినది. ఈ మారు వకీలు నడిగి వ్రాయుమంటిమి.