ఇంటికొక డబ్బా చెక్కలు

మా హోసూరు తెలుగు కుటుంబాలవారము నెలకొకసారి కలుసుకొన్నప్పుడు ఇంటికొక ఫలహారం తెచ్చుకోవడం అలవాటు. అంగడి మిఠాయి పెట్టెలు రాసాగిన తరువాత కొందరు రావడం తగ్గించారు. కారణం అడగనక్కరలేదు గదా! అందుచేత ఇంట చేసినదే తేవాలని అందరమూ అనుకొన్నాము.

చెక్కలు తేలిక. నాలుగు గ్లాసుల బియ్యప్పిండిలో గుప్పెడు నానిన శనగపప్పు, నిమ్మకాయంత వెన్న, ఉప్పు, కారం, కరివేపాకు వేసి, వేడినీళ్లతో గట్టిగా కలపాలి. పలుచగా తట్టి, నూనెలో ఎర్రగా వేయించాలి. ముందురోజే చేసుకోవచ్చు, మూత బిగిస్తే వారం నిలుస్తాయి.

తమిళులు తట్టై, కన్నడిగులు నిప్పట్టు అంటారు. మా పిల్లలకు మూడు పేర్లూ వచ్చు. ఇంట్లో మాత్రం చెక్కలనే అడుగుతారు.

ఎవరి డబ్బా ఏదో తెలియకుండా అన్నీ ఒకే పళ్లెంలో పోస్తున్నాము. రావడం తగ్గించినవారూ ఇప్పుడు వస్తున్నారు.