ఆడలేక కాదు, మద్దెలే ఓడు!

ఫోన్‌లో ఏ యాప్ అప్‌డేట్ అయినా కింద రాసేది దాదాపు ఒకే మాట.. ‘బగ్ ఫిక్సెస్, పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్స్’. ఏ బగ్గు? ఎవర్ని ఏడిపించింది? ఎలా సరిచేశారు? ఏమీ చెప్పరు. మనమూ అడగం. అప్‌డేట్ నొక్కేసి రీల్స్‌లో పడిపోతాం.

ఆ యాప్‌లని తయారుచేసే పనిముట్లకీ అప్‌డేట్లు వస్తుంటాయి. మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, లోపల ఏ విలువ ఎంతుందో చూపించేది డీబగ్గర్. 1980ల్లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీసీసీ, జీడీబీ అలాంటివే. వీటి బగ్స్ జాబితా వేరుగా ఉంటుంది. ఒక్కో బగ్గుకీ ఓ నంబరు, వీలైతే ఆ తప్పుని మళ్లీ పుట్టించే చిన్న ప్రోగ్రామ్, దాని మీద జరిగిన వాదన.. అన్నీ అందరికీ కనిపిస్తాయి. జీసీసీలో 13.1 అంటే కొత్త హంగులతో వచ్చిన మొదటి విడుదల. 13.2, 13.3 అంటే ప్రధానంగా దిద్దుబాట్లు. ఇవి చదివితే ఏమొస్తుంది అంటారా? మా ఆఫీసులో ఓ కుర్రాడి ఉద్యోగం నిలబడింది.

మాది చిన్న కంపెనీ. బోరు మోటార్లని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ బాక్సులకి ప్రోగ్రామ్ రాస్తాం. బోర్లో నీళ్లు అయిపోతే మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. అది చూసి బాక్సు వెంటనే మోటారుని ఆపేయాలి. ఆపకపోతే కాలిపోతుంది. వైండింగ్ చేయించడానికి ఎంతవుతుందో, ఈలోగా పంట ఏమవుతుందో ఏ రైతునడిగినా చెబుతాడు. టెస్టింగ్‌లో ఓ బాక్సు మోటారుని ఆపడం లేదు. ఆ భాగం రాసింది కొత్తగా చేరిన అబ్బాయి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు.

ఆప్టిమైజేషన్ తీసేస్తే అంతా బాగానే ఉంది. ఓ2 పెట్టగానే తేడా. డీబగ్గర్‌లో చూస్తే నీళ్లు లేనప్పుడు కూడా పాత రీడింగే కనిపిస్తోంది. అంటే రీడింగ్ తీసుకునే అతని కోడ్‌దే తప్పన్నమాట. “లేదన్నా, నా కోడ్ కరెక్టే. కంపైలరే ఏదో చేస్తోంది” అన్నాడు నాతో. ఆ మాట మా లీడ్ చెవిన పడింది. “ఆడలేక మద్దెల ఓడన్నాడట!” అని అందరి ముందే నవ్వేశారు.

ఆయన్నీ అనడానికి లేదు. ఇలాంటి చోట దాదాపు ప్రతిసారీ తప్పు మన కోడ్‌దే. వోలటైల్ అని పెట్టకపోవడమో, అర్రే హద్దు దాటడమో, విలువ ఇవ్వని వేరియబుల్‌ని వాడటమో.. ఆప్టిమైజేషన్ వాటిని బయటపెడుతుంది అంతే. మేమిద్దరం అవన్నీ ఒక్కొక్కటే చూశాం. ఏదీ కాదు.

ఆ సాయంత్రం టీ తాగుతూ అతనికి 2014 నాటి సంగతి చెప్పాను. జీసీసీ 4.9.0తో కంపైల్ చేసిన లినక్స్ కెర్నల్ తేడాగా ప్రవర్తిస్తే, లైనస్ టోర్వాల్డ్స్ అసెంబ్లీ తెరిచి చూశాడు. స్టాక్‌లో చోటు తీసుకోకముందే కంపైలర్ అక్కడ ఓ విలువ దాచేస్తోంది. ఈలోగా ఇంటరప్ట్ వస్తే అది చెరిగిపోవచ్చు! అసలు విడ్డూరం ఏంటంటే, ఆ గొడవ డీబగ్ సమాచారం తయారుచేసే ఓ ఆప్షన్‌తో ముడిపడి ఉంది. డీబగ్ సమాచారం అడిగినా అడక్కపోయినా కోడ్ ఒకేలా రావాలి కదా. టోర్వాల్డ్స్ ఘాటుగా తిట్టాడు.. బగ్ కూడా నమోదు చేశాడు. కెర్నల్ వాళ్లు ఆ ఆప్షన్‌ని ఆపేసుకున్నారు. ఇదొక్కటే కాదు. యూటా యూనివర్సిటీ వాళ్లు సీస్మిత్ అనే టూల్‌తో మూడేళ్లలో కంపైలర్లలో 325కి పైగా కొత్త బగ్స్ పట్టి 2011లో ప్రకటించారు. పరీక్షించిన ప్రతి కంపైలరూ ఎక్కడో ఓచోట, చప్పుడు చేయకుండా తప్పు కోడ్ ఇచ్చింది.

మర్నాటి నుంచి అతను డీబగ్గర్ మాట నమ్మడం మానేశాడు. రీడింగ్‌ని సీరియల్ పోర్టులో ప్రింట్ చేస్తే కొత్త విలువే వస్తోంది! అసెంబ్లీ వరసపెట్టి చదివాడు. లూప్‌లో ఉండాల్సిన పోలిక లేదు. అసలు లేనేలేదు. ఇక ప్రోగ్రామ్‌లోంచి సంబంధం లేనివన్నీ పీకేస్తూ పోయి, రెండు రాత్రుల్లో ఇరవై లైన్లకి కుదించాడు. ఆ ఇరవైలోనూ అదే తప్పు.

చిప్ కంపెనీ కొత్తగా ఇచ్చిన టూల్స్ నోట్స్ తెరిస్తే, పొడుగాటి జాబితా మధ్యలో రెండు లైన్లు దొరికాయి. ఓ2లో లూప్‌లోని పోలికని కంపైలర్ తప్పుగా తీసేయడం ఒకటి. రిజిస్టర్‌లో ఉన్న వేరియబుల్‌కి డీబగ్గర్ పాత విలువ చూపించడం రెండోది. ఒకటి దొంగతనం చేసింది, రెండోది వేరేవాడి మీదికి వేలు చూపించింది! కొత్త టూల్స్‌తో కంపైల్ చేశాం. పోలిక తిరిగొచ్చింది. మోటారు ఆగింది. అయితే కంపైలర్ మారింది కాబట్టి మిగతా టెస్టులన్నీ మళ్లీ మొదట్నుంచీ చేయాల్సొచ్చింది. రెండు వారాలు ఎవ్వరికీ ఆదివారం లేదు.

లీడ్ సారీ ఏమీ చెప్పలేదు. ప్రొబేషన్ కాగితం మీద మాత్రం మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. ఆ ఇరవై లైన్లు ఇప్పుడు మా టెస్టుల్లో మొట్టమొదటివి. టూల్స్ కొత్త వెర్షన్ వచ్చిందంటే చాలు, లీడ్ ముందు ఆ కుర్రాడినే కేకేస్తారు.. “ఏరా, ఈసారి ఏమేం సరిచేశారట?”