కుంపటి మీద షిమా

రిటైరయ్యాక అమ్మానాన్న జాంబియాకి మిషనరీలుగా వెళ్లారు. 2024 కరువుకి కరీబా డ్యాములో నీళ్లు అడుగంటి, లుసాకాలో రోజులో చాలాభాగం కరెంటే ఉండేది కాదు. ఫ్రిజ్‌లో కూరలు పాడైపోయేవి. మోటారు ఆడక కుళాయి ఎండేది. వీడియో కాల్‌లో అమ్మ ముఖం సగమే కనబడేది.

"66 ఏళ్లకి, ఆ మోకాళ్లతో ఇదేం పరిచర్యమ్మా, వచ్చేయండి" అని విసుక్కునేదాన్ని.

"పక్కింటావిడ బొగ్గుల కుంపటి మీద మాక్కూడా షిమా వండి పంపిందే, దేవునికి స్తోత్రం" అనేది.

షిమా అంటే మొక్కజొన్న పిండి ముద్ద, మన సంకటి లాంటిదే. ఆ పిండి ధర మండిపోతున్న రోజులవి. అలాంటప్పుడు పరాయివాళ్లకి రెండు ముద్దలు! "ఇవ్వడానికొచ్చాం అనుకున్నామే" అని అమ్మ కాసేపు మాట్లాడలేదు.

నాన్న ఆవకాయ నంచుకుని తిన్నారట. సీసా ఖాళీ అయిందని ఆయనే చెప్పారు, అమ్మ చెప్పలేదు.