మా యక్క హృదయ చిత్రము

మా యూరు భద్రాచలమునుండి దుమ్ముగూడెమునకు పోవు దారిలో అడవి యంచున నున్నది. మా యక్క పదియేండ్ల ప్రాయమున గొంతునొప్పితో జ్వరపడెను. కొన్ని వారములకు మోకాళ్లు వాచెను. ఎదిగెడు పిల్లలకు కీళ్లనొప్పులు సహజమే యని యింటివారు తలచిరి. వాపు తీసినది, కాని యా జ్వరము గుండెకు ఎడమప్రక్కనున్న మిట్రల్ కవాటమును చెఱచిపోయినదని మే మెఱుగము. ఇరువదియాఱవ యేట, ఒక వేసవి యుదయమున ఇప్పపూవు ఏరుచు ఆమె ఆయాసముతో కూలబడెను. హైదరాబాదులో శస్త్రచికిత్స చేసి, నెత్తురు వెనుకకు కారుచున్న ఆ కవాటమును తీసి, కృత్రిమ కవాటము నమర్చిరి.

ఇంటికి వచ్చిన పిమ్మట అక్క చక్కగ తిరుగుచుండెను. ఆఱు వారములకు ఎకో పరీక్షకు రమ్మన్న చీటిని చూపగా, "నాకు కులాసాగనే యున్నది గదా తమ్ముడా! ఖమ్మము పోయివచ్చుటకు రెండు దినముల కూలి దండుగ" అనెను. బస్సులో దాదాపు 120 కిలోమీటర్లు పోవలెను గనుక నేనును సందేహించితిని. తుదకు అమ్మ మాటపై బయలుదేరితిమి.

చీకటిగదిలో అక్కను ఎడమప్రక్కకు ఒత్తిగిలజేసి, ఱొమ్ముపై జిగురు పూసి, డాక్టరుగారు చిన్న సాధనము నానించిరి. అది సెకనుకు 20 లక్షలకు మించి కంపించు ధ్వనిని లోనికి పంపును. మన చెవికి అది వినబడదు. కొండకెదురుగ నిలిచి కేకవేసిన కొండ మాఱుపలికినట్లు, గుండెగోడలు ఆ ధ్వనిని మరల పంపును. ఆ మాఱుమ్రోతలే తెరపై బొమ్మ యగును. 1953లో స్వీడను దేశపు లుండు నగరమున ఎడ్లరు అను వైద్యుడును, హెర్ట్సు అను భౌతికశాస్త్రజ్ఞుడును, లోహములలోని లోపములను కనిపెట్టు యంత్రముతో ఈ విద్యకు ఆరంభము చేసిరి.

క్రొత్త కవాటము చక్కగ తెఱచుకొనుచు మూసికొనుచుండెను. నేను సంతసించితిని. డాక్టరుగారు మాత్రము మాటాడక మఱల మఱల కొలిచిరి. ఎడమ జఠరిక తనలోని నెత్తురులో నూటికి 55 పాళ్లయినను ప్రతిసారి వెలికి నెట్టవలెను; అక్కకు 42 పాళ్లే వచ్చెను.

"చికిత్సకు ముందు 60 ఉండెను గదా?" అని యడిగితిని.

"ఆ 60లో కొంత వెనుకకు కారినదే, బాబూ. కారుటకు దారి యున్నప్పుడు అలసిన గుండెయు సులువుగ పిండును. ఇప్పుడు ఆ దారి మూసితిమి. అంతయు ముందుకే నెట్టవలెను గనుక, దాగిన అలసట బయటపడినది" అని చెప్పిరి.

అక్క తెరవైపు చాలసేపు చూచి, "నాకు తెలియకుండ ఇది యింత కష్టపడుచున్నదా!" అనెను.

మందులు మార్చిరి. ఆఱు నెలల పిమ్మట 50 పాళ్లు కనబడెను. నేడు అక్క నెత్తురు గడ్డకట్టకుండ వేసికొను మాత్రను ఒక్కపూటయు మానదు. పరీక్ష తేదీని తానే జ్ఞాపకము చేయును.

బాలబాలికలారా, మీ యింట తమ్మునికో చెల్లెలికో గొంతునొప్పి వెంట కీళ్లు వాచినచో, ఎదుగుదల నొప్పులని యూరకుండక వైద్యునికి చూపుడు. ఆనాడు మేము పోని భద్రాచలము ఆసుపత్రి మా యూరికి ఎంతో దూరము కాదు.