గెడ్డలు దాటిన జీపు

మా ఇంట్లో రెండు వాసనలుండేవి. వీధి గదిలో గంజి పోని కొత్త పంచెల వాసన, పెరట్లో రేకుల షెడ్డులో 90 నంబరు గేరాయిలు వాసన. ఆ ఆయిల్లో గంధకపు ఘాటు ఉండేది. చేతికంటితే కుంకుడు రసంతో రుద్దినా మర్నాటి అన్నం ముద్దలో కూడా తగిలేది. నాన్న బట్టల వ్యాపారి. ఇల్లు నర్సీపట్నంలో, వ్యాపారం పైన ఏజెన్సీ సంతల్లో. ఈ ఊరి సంత అయిపోతే ఆ ఊరి సంత, తువ్వాళ్ళు, నేత చీరలు, చలికాలమైతే దుప్పట్లు మూటలు కట్టి జీపులో వేసుకుని, కోడి కూయకముందే డౌనూరు మీదుగా లంబసింగి ఘాటీ ఎక్కేవాడు. బడి సెలవులైతే ఆ మూటల మీద నేనూ ఉండేదాన్ని.

జీపు వయసులో నాకన్నా పెద్దది. పెట్రోలుతో నడిచే మహీంద్రా, సీజే 3బీ. ఈ దేశంలో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది 1940ల చివర్లో. అమెరికాలో ఈ 3బీని 1968లో ఆపేసినా, ఇక్కడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారు చేశారు. దాని బానెట్టు యుద్ధకాలపు జీపు బానెట్టు కన్నా ఎత్తుగా ఉండేది. ఎందుకలా అని అడిగితే మా వీధి చివర ఉండే మిలటరీ తాత బానెట్టు ఎత్తి చూపించేవాడు. పాత ఇంజినులో వాల్వులన్నీ కింద బ్లాకులోనే ఉండేవట, దీంట్లో గాలీ పెట్రోలూ లోపలికి పీల్చే వాల్వుల్ని పైన హెడ్డులోకి మార్చారు, దాంతో ఇంజిను పొడుగైంది, ఇంజిను పొడుగైతే బానెట్టు పైకి లేవక ఏం చేస్తుంది తల్లీ, అనేవాడు. సైన్యంలో బళ్ళు బాగుచేసి వచ్చిన మనిషి. నాన్నకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. బానెట్టు లోపలి వైపు సుద్దముక్కతో 1, 3, 4, 2 అని రాసిపెట్టాడు, నాలుగు సిలిండర్లు మండే వరస అది. వానకు చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాసే పని నాది.

పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లుండేవి. మా జీపు గొప్పతనమంతా వాటిలోనే ఉందని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఒకటి వేస్తే ముందు చక్రాలకు కూడా ఇంజిను బలం వెళ్తుంది. రెండోది వేస్తే బండి వేగం తగ్గి లాగుడు ఇంచుమించు రెండున్నర రెట్లవుతుంది. ముందు చక్రాలు కలపకుండా ఆ రెండోది పడదు, లోపలే అడ్డు పెట్టారు, ఎందుకంటే అంత లాగుడూ వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడితే అది ఓర్చుకోలేదు. చింతపల్లి దాటాక మట్టి దారులు, దారికి అడ్డంగా గెడ్డలు, వాటి మీద వంతెనల్లేవు. గెడ్డ ఒడ్డున నాన్న బండాపి, పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, కర్రతో లోతు చూసుకుని, రాళ్ళెక్కడున్నాయో పాదాలతో తడిమి, వెనక్కొచ్చి బానెట్టెత్తి ఫ్యాన్ బెల్టు వదులు చేసేవాడు. ఫ్యాను తిరిగితే నీళ్ళు డిస్ట్రిబ్యూటరు మీదికి చిమ్ముతాయి, అది తడిస్తే నడి గెడ్డలో ఇంజినాగిపోతుంది. అప్పుడు ఆ రెండు పొట్టి రాడ్లూ ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఆక్సిలేటరు మీద కాలు కదపకుండా, మనిషి నడిచే వేగాన నీళ్ళలోకి పోనిచ్చేవాడు. మూటల పైన కూచున్న నా కాళ్ళ కింద జీపు ఒక్కో రాయినీ ఎక్కి దిగుతుంటే, అటు ఒడ్డున సంతకు పోయే ఆడవాళ్ళు కావిళ్ళు దింపి నిలబడి చూసేవారు.

అవతలి ఒడ్డెక్కగానే పని మొదలు. బ్రేకు డ్రమ్ముల్లో నీళ్ళుంటాయి, కాసేపు బ్రేకు పెడలు మీద పాదం ఆనించి నడిపితే ఆ వేడికి ఆరుతాయి. బెల్టు మళ్ళీ బిగించాలి. మట్టి దారి అయిపోయి తారు తగలగానే ముందు చక్రాల గేరు తీసెయ్యాలి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి, ఆ తేడాను సర్దే ఏర్పాటు ఈ బండి నడుములో లేదు. మట్టిలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, మెలి అంతా షాఫ్టుల్లో పేరుకుని రాడ్డు బిగుసుకుపోతుంది. అప్పుడు రాడ్డుతో కుస్తీ పట్టకూడదు. రివర్సులో నాలుగు బారలు వెనక్కి పోనిస్తే టక్కున వదులుతుంది.

అందుకే టైర్ల విషయంలో నాన్న పట్టుదలగా ఉండేవాడు. 6.00-16 సైజు, నాలుగూ ఒకే కంపెనీవి, నాలుగూ ఒకే మాదిరి అరిగినవి. ఒకటి కొత్తదీ మూడు పాతవీ వేస్తే తిన్నని దారిలో కూడా ఆ మెలి పడుతూనే ఉంటుందని, అంగట్లో జాకెట్ల కొలతలు తీసే పచ్చ టేపు తెచ్చి ఒక్కో టైరు చుట్టూ వేసి చూసేవాడు. టేపు ఒక కొస నేను పట్టుకునేదాన్ని.

సంత లేని రోజుల్లో షెడ్డులో కిరసనాయిలు బేసిను, అరిగిన టూత్ బ్రష్షు, పానాల సంచీ, గ్రీజు గన్ను బయటికొచ్చేవి. మెకానిక్కులు కాటన్ వేస్టు కొనుక్కుంటారు, మాకు ఆ అవసరం లేదు, చీరల చివర్లు కత్తిరించిన పీలికలు గోతాం నిండా ఉండేవి. కమాను కట్టల పిన్నులకూ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకూ ఉన్న గ్రీజు నిపుళ్ళు కొన్ని పెద్దవాళ్ళ చెయ్యి దూరని చోట్ల ఉండేవి, గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని వాటి మట్టి తుడిచి గన్ను మూతి పెట్టేదాన్ని. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా నాన్న నొక్కేవాడు. ప్యాకింగు షీటు లేకపోతే చీరల పెట్టె అట్టే ప్యాకింగు. మూత అంచుకు అట్టను ఆనించి, చిన్న సుత్తి గుండు వైపుతో అంచు వెంబడి మెల్లగా కొట్టుకుంటూ పోతే అట్ట దానంతటదే ఆ ఆకారంలో తెగుతుంది. ఆ టిక్కుటిక్కు వినపడితే మిలటరీ తాత చుట్ట ఆర్పి వచ్చి కూచునేవాడు.

పొద్దున్నే షెడ్డు నేల మీద మరకలు చూసేవాళ్ళం. నల్లగా పలచగా ఉంటే ఇంజినాయిలు, చిక్కగా ఘాటుగా ఉంటే గేరాయిలు, ముందు చక్రం వెనకుంటే, అది పక్కకు తిరిగే చోటున్న బంతి కీలు సీలు పోయినట్టు. ఆ కీలుకు ఫెల్టుతో చేసిన సీలుండేది. గెడ్డల్లో తిరిగి తిరిగి అది మెత్తబడితే నీళ్ళు లోపలికి పోయేవి. ప్లగ్గు విప్పితే ఆయిలు పాలు కలిసిన టీలా తెల్లబడి కారేది. దాన్ని మొత్తం దింపి, కిరసనాయిలుతో కడిగి, కొత్త ఫెల్టు ఆయిల్లో నానబెట్టి వేసేవారు. ఆ జీపుకు హ్యాండ్ బ్రేకు చక్రాలకుండదు, నడుములో షాఫ్టు మీదుంటుంది, అక్కడ ఆయిలు కారితే పట్టదు. ఘాటీలో బండాగిన ప్రతిసారీ, "పాపా, రాయెట్టు!" అని నాన్న కేక. నేను దూకి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాకే ఆయన బ్రేకు మీంచి కాలు తీసేవాడు. లంబసింగి ఎత్తు 3,000 అడుగుల పైమాట, పుష్యమాసపు తెల్లవారుజామున మంచు బానెట్టును కూడా కనపడనిచ్చేది కాదు. దీపాలకు పచ్చ కాయితం అంటించుకుని పోయేవాళ్ళం.

1973 తర్వాత పెట్రోలు ధర పెరుగుతూ పోయింది. ఎనభైల్లో పెజో డీజిలు ఇంజినున్న మహీంద్రా 540లు రోడ్ల మీద కనిపించేసరికి నాన్న కూడా మనసు మార్చుకున్నాడు. విశాఖలో పాత సామాన్ల కొట్టు నుంచి మెటాడోర్ డీజిలింజిను ఒకటి లారీలో వచ్చింది. మూడు సరుగుడు వాసాలు పైన కలిపి కట్టి, చైను బ్లాకు వేలాడదీసి, పెట్రోలింజినును పైకి లేపారు. పాత గేరుబాక్సుకూ కొత్త ఇంజినుకూ బోల్టు రంధ్రాలు కలవవు, మధ్యలో మందపాటి ఇనుప పలక పెట్టాలి, ఆ పలక వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరుబాక్సు బేరింగు ఎన్నాళ్ళో ఉండదు. మిలటరీ తాత లేతు దగ్గర పగలంతా నిలబడి దాన్ని తిప్పించాడు. ఇంజిను బరువు పెరిగిందని ముందు కమాను కట్టల్లో ఇంకో పట్టీ వేశారు. పని బాగా కుదిరింది, ఖర్చు తగ్గింది, బండి మూటలతో ఘాటీ ఎక్కింది. కానీ పెట్రోలింజిను గుడగుడ వీధి మలుపులో వినిపించగానే అమ్మ కాఫీ డికాషను దింపేది. డీజిలింజిను వచ్చాక లారీలకూ మా బండికీ తేడా తెలీక వీధిలోకి వచ్చి చూసేది.

తర్వాత గెడ్డల మీద వంతెనలు వచ్చాయి, మట్టి దారులకు తారు వచ్చింది. వాటి అవసరం ఎంతో పై ఏజెన్సీ వాళ్ళకు తెలుసు, జ్వరం వచ్చిన మనిషిని మంచంతో సహా మోసుకొచ్చిన దారులవి. ఆ తారు మీద నాన్నకు ముందు గేరు పని లేకపోయింది. ఒక రోజు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, పీలికలు చుట్టి, అటక మీద పెట్టాడు. సంతల్లో రెడీమేడ్ దుస్తులు వచ్చి మూటలు చిన్నవయ్యాయి. మిలటరీ తాత పోయాడు. జీపును తాండవ నది వైపు తోటలున్న రైతు కొన్నాడు. షాఫ్టు కూడా తీసుకెళ్ళమని నాన్న గుర్తుచేసి మరీ ఇచ్చాడు. ఇప్పుడు లంబసింగికి మంచు చూడ్డానికి కార్లు బారులు తీరి వెళ్తాయి, వాటిలో నాలుగు చక్రాలూ లాగేవి ఉన్నాయి గానీ లోపలి పని అంతా కంప్యూటరు చూసుకుంటుంది.

మీ దొడ్లోనో, మీ తాతగారి తోటలోనో అలాంటి పాత జీపు నిలబడి ఉంటే తుక్కుకు అమ్మెయ్యకండి. నెలకోసారి మట్టి నేల మీద ముందు గేరు వేసి కాస్త దూరం నడపండి, ఆయిలు కదలకపోతే సీళ్ళు ఎండి పగులుతాయి. టైర్లు మార్చితే నాలుగూ కలిపి మార్చండి. నీళ్ళలో దిగిన ప్రతిసారీ ముందు కీళ్ళ ఆయిలు రంగు చూడండి. ఆ పని చేతులారా చేసినవాళ్ళు చాలా ఊళ్ళలో ఇంకా ఒకరిద్దరున్నారు, వాళ్ళను పిలిపించి, బానెట్టెత్తినప్పుడు మీ పిల్లల్ని పక్కన నిలబెట్టి చేతికో పానా ఇవ్వండి.