దిల్‌సుఖ్‌నగర్ చలి వేరు, మన మడి చలి వేరు

యాసంగి తుకం పోసే రోజులు వచ్చినయి కాబట్టి నేను చేసిన ఒక తప్పు చెప్తున్న. మీరు చేయొద్దని.

కొన్నేళ్ల కింద డిసెంబర్ల మా బిడ్డ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఉండి కోచింగ్ తీసుకునేది. ఆమెకు జ్వరం వస్తే పోయి, ఎల్బీనగర్ల మా చుట్టాల ఇంట్ల మూడు రాత్రులు ఉన్న. ఊర్ల తుకం పోసి పది రోజులైతుంది. రాత్రి మా ఇంటామె ఫోన్ చేసింది. "చుక్కలు తళతళ మెరుస్తున్నయి, గాలి ఆడుతలేదు. నారు మీద పట్టా కప్పాల్నా?" అని. నేను ఫోన్ల చూసిన, 16 డిగ్రీలు అని ఉంది. "ఏం గాదు, పండుకో" అన్న. మూడు రాత్రులూ అదే మాట చెప్పిన.

ఊరికి వచ్చి చూస్తే నారు పసుపు పచ్చగా అయ్యింది, కొసలు ఎర్రబడ్డయి. సగం చచ్చింది. ఫోన్ చూపించింది ఎల్బీనగర్ చలి, మన ఊరిది కాదు. ఫోన్ తప్పు చెప్పలేదు, నేనే తప్పు చదివిన. మళ్లీ విత్తనం కొని పోసినం. నాట్లు మూడు వారాలు వెనకబడ్డయి. కోతకు వచ్చే టైంల రాళ్లవాన పడి అర ఎకరం వడ్లు మడిలనే రాలినయి. మా ఇంటామె ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధైంది.

అప్పటి సంది తెలుసుకున్నది చెప్తున్న. పట్నంల సిమెంటు, తారు రోడ్లు పగటి వేడిని పట్టుకొని రాత్రి మెల్లగ వదుల్తయి. అందుకే దిల్‌సుఖ్‌నగర్ల వెచ్చగా ఉంటది. సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటినంక బస్సు కిటికీ తెరిస్తే చలి తేడా మీకే తెలుస్తది.

మబ్బు అంటే భూమికి దుప్పటి లెక్క. మబ్బు లేక, గాలి పొడిగ ఉండి, రాత్రి గాలి ఆగితే భూమి వేడి మొత్తం పైకి పోతది. మా ఇంటామె చెప్పిన గుర్తులు అవే. బంగాళాఖాతంల తుఫాను ఉంటే వేరే తీరు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన దిక్కు మబ్బు పట్టి పగలే చల్లగ అయ్యింది. అసలు చూసుకోవాల్సింది మబ్బు తేలిపోయినంక. ఉత్తరం దిక్కు నుంచి పొడి గాలి మొదలైతే రాత్రి చలి దిగుతది.

వాతావరణ శాఖ లెక్కల, మైదాన ప్రాంతంల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, అంతకన్న తక్కువకు పడి, మామూలు కన్న కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే చలిగాలులు అంటరు. కానీ ఆ కొలత భూమికి దాదాపు నాలుగు అడుగుల ఎత్తున ఉన్న పెట్టెల తీసేది. నారు ఉండేది నేల మీద. గాలి లేని రాత్రి నేల దగ్గర ఇంకా చల్లగుంటది. హెచ్చరిక వచ్చేదాకా ఆగితే నారు ఆగదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఇచ్చే మండలాల లెక్కల మా మండలం అంకె చూస్త. మంగళవారం, శుక్రవారం వచ్చే వాతావరణ శాఖ వ్యవసాయ సలహా మేఘదూత్ యాప్‌ల చదువుత. సాయంత్రం మడిలో చల్లని నీళ్లు తీసేసి, పొద్దున కొత్త నీళ్లు పెడత. పుల్లలు పాతి, యూరియా సంచులు కుట్టిన పట్టా రాత్రి కప్పి, ఎండ రాంగనే తీస్త. తీయకుంటే ఉక్కకు నారు పాడైతది.

అన్నిటికన్న ముందు, పండుకునే ముందు మా ఇంటామెను అడుగుత, "చుక్కలు ఎట్లున్నయి?" అని. ఊర్ల ఉన్న మనిషి కండ్లు, మండలం అంకె, రెండూ ఒకటే చెప్తే ఇగ ఆలోచించేది లేదు, పట్టా కప్పుడే.

మీ ఊర్ల ఈసారి చలి ఎట్లుందో, నారు ఎట్ల కాపాడుకుంటున్నరో కింద రాయండి. నలుగురికి పనికొస్తది.