బడి కమిటీకి నిలిచినప్పుడు



మీ ఊరి ప్రభుత్వ బడి గోడమీద ఎప్పుడైనను తల్లిదండ్రుల పేర్లు తరగతుల వారీగా వ్రాసిన కాగితము అంటించియుండుట చూచితిరా? మనలో అనేకులు దానిని రేషను జాబితాయో పింఛను జాబితాయో అనుకొని, తమ పేరు కనబడగానే తృప్తిపడి ఇంటికి పోవుదురు. అది పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికకు వేసిన ఓటర్ల జాబితా. ఈ నెల ఆ కాగితమును గూర్చి మీతో కొంచెము మాటలాడవలెనని యున్నది.

2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ బడికి ఒక కమిటీ యుండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని కావలెను. సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెను. వెనుకబడిన వారి పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు ఇయ్యవలెను. బడి ఎట్లు నడుచుచున్నదో చూచుట, బడి అభివృద్ధికి ప్రణాళిక వేయుట, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయినదో విచారించుట ఈ కమిటీ పనులు. మన ఆంధ్ర రాష్ట్రములో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులే ఎన్నుకొందురు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా నుండును. కూలికి పోవు తల్లి కూడ, చదువురాని తండ్రి కూడ, ప్రధానోపాధ్యాయుని ఎదుట కుర్చీలో కూర్చుండి "ఈ డబ్బు ఏమైందండి?" అని అడుగుటకు చట్టమే వారికి ఇచ్చిన హక్కు ఇది. ఇంత గొప్ప సంగతి మన గ్రామములలో ఎంత నిశ్శబ్దముగా జరిగిపోవుచున్నదో చూడుడి! అనేక చోట్ల ఎవరో ఇద్దరు మాటలాడుకొని పేర్లు వ్రాయుదురు, మిగిలినవారు వ్రేలిముద్ర వేసి వత్తురు.

మా ఊరు కోనసీమలో కొబ్బరితోటల నడుమ నున్నది. నా కుమార్తె కువైట్‌లో ఇంటిపని చేయుచున్నది. ఇట్టి ఇండ్లు మా ప్రాంతమున వీధికి రెండు మూడుండును. ఆమె కుమారుడు మాయొద్ద పెరుగుచున్నాడు. కావున 2024 ఆగస్టు 8వ తేదీన రాష్ట్రమంతట బడి కమిటీలకు ఎన్నికలు జరిగినప్పుడు, ఏబదియైదేండ్ల తాతనైన నేను నాలుగవ తరగతి సంరక్షకులలో ఒకడనై యుంటిని.

ఎన్నికకు నిలువవలెనను తలంపు నాకు బడి మరుగుదొడ్డి దగ్గర పుట్టెను. (భక్తి పత్రికలో ఇట్టి మాట వ్రాయవచ్చునా యని సంపాదకులు అనుకొనినను అనుకొందురు గాక.) గోడలకు పలకలు అతికించి, తలుపులకు రంగు వేసి, చక్కగానే కట్టిరి. నీళ్లు మాత్రము లేవు. బోరు మోటారు కాలిపోయెను. అది నడిచిన దినములలో వచ్చినదియు ఉప్పునీరే. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నము భోజనము కాగానే ఇంటికి పోవుదురు, పోయినవారిలో సగముమంది తిరిగి రారు. సాయంకాలము జరుగు లెక్కల పాఠము వారికి లేనట్లే. ఈ సంగతి నాకు చెప్పినది మా సండేస్కూలు పిల్ల ఒకతె. అదియు నేను అడుగగా అడుగగా, తల వంచుకొని చెప్పెను.

మా తరగతికి మూడు స్థానములు. రెంటికి ఇద్దరు తల్లులు పోటీ లేకుండ నిలిచిరి. మూడవ దానికి నేనును, ఎరువుల దుకాణము నడుపు ఒక రైతును నిలిచితిమి. ఆయన మన సంఘమువాడు కాడు.

ఆ వారమే మా సంఘ పెద్ద ఒకరు వచ్చి అరుగుమీద కూర్చుండెను. "అయ్యగారూ, నాలుగో తరగతిలో ఇరవై రెండు మంది పిల్లలుంటే, పన్నెండు మంది మన పేటవాళ్ళేనండి. ఆదివారం ఆరాధనలో ఒక్క మాట చెప్పండి చాలు. బడి మన చేతిలో ఉంటది," అనెను.

ఆయన దురాశతో ఆ మాట అనలేదు. ఆయన తండ్రి మిషను బడిలో ఓనమాలు దిద్దినవాడు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరునకు వచ్చిన నాటినుండి తెలుగు దేశమున ఎన్ని పేటలలో ప్రార్థన జరిగిన పాకలోనే మన తాతలు పలక పట్టలేదు? మరియొక బడి గడప వారిని త్రొక్కనియ్యని కాలము అది. కాబట్టి "మన బడి" అను మాట మన పెద్దల నోట ఊరక రాదు, దాని వెనుక కన్నీళ్లున్నవి. అయితే ఈ బడి అట్టిది కాదు. ఇది ఊరందరి పన్నుతో నడుచు బడి. రామాలయము వీధి పిల్లవాడును మా పేట పిల్లవాడును ఒకే బల్లమీద కూర్చుండు బడి. అది "మన చేతిలో" ఉన్నదని ఆ వీధివారు అనుకొనిన దినమున తమ పిల్లలను తీసికొనిపోయి కాన్వెంటు బస్సు ఎక్కింతురు. తరువాత మిగులునది మన చేతిలోని ఖాళీ గదులే.

నేను ఆయనతో, "ప్రసంగ వేదికమీద నుండి ఓటు అడుగను. అక్కడ నేను నిలుచునది నా పని మీద కాదు," అని చెప్పితిని. ఇంకొక కారణము కూడ చెప్పితిని. మా బడిలో చేతులెత్తి లెక్కింతురు. కాపరి వేదికమీద అడిగిన తరువాత, చెయ్యి ఎత్తని తల్లికి ఆదివారము బల్లయొద్దకు వచ్చుటకే భయము కలుగును. అట్లు ఎత్తించిన చెయ్యి నాకు వద్దు.

చదువరీ, నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును ఎప్పుడైన నిదానముగా చదివితిరా? నేను వేదాంత కళాశాలలో నున్నప్పుడు దానిని పరీక్షకు కూడ ఎవరును చదువకపోయిరి; అంతయు పేర్ల పట్టికయే గదా. నాకు మాత్రము ఏండ్లు గడచిన కొలది ఆ పట్టిక ఇష్టమగుచున్నది. యెరూషలేము గోడ కట్టినవారిలో తమ ఇంటి ఎదుటి భాగమును బాగుచేసికొనినవారున్నారు, అది తప్పు కాదు. కంసాలులున్నారు, పరిమళ ద్రవ్యములు చేయువాడున్నాడు, తన కుమార్తెలతో కూడ వచ్చిన షల్లూమున్నాడు. అయితే యెరికోవారు ఎందుకు వచ్చిరి? తెకోవవారు ఎందుకు వచ్చిరి? ఆ గోడ వారి ఇండ్ల చుట్టు లేదు, రాత్రి దొంగలు వచ్చినచో కాపాడబడునది వారి బిడ్డలు కారు. తెకోవలోని గొప్పవారు ఆ పనికి మెడ వంచలేదని కూడ అక్కడనే వ్రాయబడియున్నది. సామాన్యులో, ఒక భాగము ముగించి ఇంకొక భాగము కూడ ఎత్తుకొనిరి. నేను ఓటు అడుగుటకు బయలుదేరినప్పుడు నా మనస్సులో ఉన్నది ఆ తెకోవవారే.

కాబట్టి ముందు మా పేటకు పోక ఇతర వీధులకు పోతిని. చెప్పినది కొంచెమే: ఆడపిల్లల వైపునకు నీళ్లు రావలెను, బడికి వచ్చిన ప్రతి రూపాయి లెక్క సమావేశములో అందరికి వినబడునట్లు పైకి చదువవలెను, బడిలో చదువు పిల్లలందరును మన పిల్లలే అనుకొని కమిటీ పని చేయవలెను. ఒక ఇంట నన్ను కూర్చుండుమనలేదు. ఇంకొక ఇంట మజ్జిగ ఇచ్చిరి గాని మాట ఇయ్యలేదు. రామాలయము వీధిలో కుట్టుమిషను పెట్టుకొనిన తల్లి, పోటీలేక సభ్యురాలు కాబోవుచున్న ఆమె, మిషను ఆపకుండనే అడిగెను:

"మాస్టారూ, తిన్నగా అడుగుతాను, ఏమనుకోకండి. మీరు వస్తే మా పిల్లలచేత మీ ప్రార్థన చేయిస్తారా?"

ఆమె ముఖముమీదనే అడిగినందుకు నాకు సంతోషమాయెను. చాలమంది నేను వెళ్లిన తరువాత అడుగుకొందురు. "అమ్మా, ప్రభుత్వ సొమ్ముతోనే నడిచే బడిలో ఏ మతబోధా చేయకూడదని రాజ్యాంగం ఇరవై ఎనిమిదో అధికరణంలో ఉంది. ఆ కట్టుబాటు నాకూ వర్తిస్తుంది, ఎవరికైనా వర్తిస్తుంది. రేపు ఇంకొకరు వచ్చి మా పిల్లలచేత ఇంకొకటి చేయించకుండా కాపాడేదీ అదే. నా ప్రార్థన నా ఇంట్లో, మా మందిరంలో చేసుకుంటాను," అని చెప్పితిని.

ఆమె మిషను ఆపి, "సరే, మరి లెక్కలు పైకి చదవడమంటే, హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటారా?" అని అడిగెను. గ్రాంటు ఖర్చు చూచుట కమిటీ పనియేనని చట్టములోనున్న మాట చెప్పితిని. దానిని గూర్చి ఆమె నన్ను అరగంట ప్రశ్నించెను. నా మనుమని స్కూలు చొక్కాకు ఊడిన బొత్తాము కూడ కుట్టి పంపెను.

ఆగస్టు 8 ఉదయము ఇరువది యొక్కమంది వచ్చిరి. చేతులు లెక్కించిరి. నాకు పది, ఆయనకు పదకొండు. రామాలయము వీధి తల్లి చెయ్యి నా వైపు లేచెను. మా సంఘపు స్త్రీలు ముగ్గురి చేతులు ఆయన వైపు లేచెను.

మీరు మా సంఘ పెద్ద ముఖము చూడవలసియుండెను. మధ్యాహ్నమే వచ్చి, "ఆ ముగ్గురినీ సంఘం ముందు నిలబెట్టాలండి అయ్యగారూ! ఒక్క చెయ్యి! ఒక్క చెయ్యి తేడా!" అనెను. ఎవరి ప్రశ్నకు వారు సంఘము ముందు నిలువవలెనో నాకు బోధపడలేదు. దొంగతనము చేసిరా? అబద్ధమాడిరా? బడి పనికి ఎవరు తగుదురో తమకు తోచినట్లు తీర్పు చేసిరి. కూడదని గట్టిగానే చెప్పితిని. ఆయన రెండు ఆదివారములు నాతో ముభావముగా నుండెను.

నేను ఆ ముగ్గురిని ఏమియు అడుగలేదు. చీకటిపడిన తరువాత ఒకామె తానే వచ్చి గుమ్మము దగ్గర నిలిచెను. "అయ్యగారూ, మీమీద కోపం కాదండి. రెండువేల ఇరవైరెండు జూలైలో గోదావరి వచ్చినప్పుడు మా లంక ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి కదండి. ఆయన ట్రాక్టరు కట్టుకుని మూడుసార్లు వచ్చాడండి. మా అత్తనీ పిల్లాడినీ ఎత్తి కూర్చోబెట్టాడు. మేము ఏ పేటవాళ్ళమని అడగలేదండి. ఇవాళ ఆ చెయ్యి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదండి."

"నీవు చేసింది న్యాయమేనమ్మా. లోపలికి రా, కూర్చో," అంటిని. నా భార్య ఆమెకు కాఫీ ఇచ్చెను. ఓడిపోయిన మనిషికి కొంచెము చిన్నతనముగా నుండుట సహజమే. అయితే ఆ రాత్రి నాకు తోచినది మీతో చెప్పెదను. నేను రెండు వారములు ఇంటింటికి తిరిగి చెప్పిన "అందరి పిల్లలు మన పిల్లలు" అను మాటను ఆ మనుష్యుడు ఎవరును ఓటు అడుగని దినమున, మోకాలిలోతు నీటిలో చేసియుండెను. ఆ ముగ్గురు తల్లులు నా మాటను కాదనలేదు. దానికి తగిన చేతిని గుర్తుపట్టిరి.

మీలో కొందరు అడుగవచ్చును: ఓడిన తరువాత కాపరికి ఇంక బడితో ఏమి పని? సెప్టెంబరులో ఆ రైతే కబురుపెట్టెను. బడి అభివృద్ధి ప్రణాళిక కమిటీయే వ్రాయవలెనని చట్టము 22వ సెక్షనులో నున్నది. "పాస్టరుగారూ, లెక్కలైతే నేను చూసుకుంటానండి. అర్జీ రాయడం నాకు చేతకాదు. ఒకసారి కొట్టుకి వస్తారా?" పోతిని. యూరియా బస్తాల మధ్య బల్ల వేసికొని మూడు సాయంకాలములు కూర్చుంటిమి. ఎన్ని గదులు, ఎందరు బాలికలు, పంచాయతీ కుళాయి గొట్టము బడి గోడకు ఎన్ని గజముల దూరమున నున్నది, ఇవన్నియు వ్రాసితిమి. గజములు కొలిచినది కుట్టుమిషను తల్లి. ఆమె తన టేపు తెచ్చెను. అది చాలక కొబ్బరితాడు కట్టెను.

మొదటి సమావేశములో గ్రాంటు లెక్క పైకి చదువుమని ఆమెయే పట్టుబట్టెనట. ప్రధానోపాధ్యాయులు మంచివారు, ఇంతవరకు ఎవరును అడుగలేదు గనుక చదువలేదని చెప్పి, లేచి చదివిరట. సుద్దముక్కల ఖర్చు వరకు వినిపించిరి. మా సంఘమునుండి ఆ ముగ్గురు తల్లులును పోయి వినిరి.

2025 జనవరిలో పంచాయతీ గొట్టము బాలికల వైపునకు వచ్చినది. ఉప్పునీరు కాదు, మంచినీరే. బాలుర వైపునకు గొట్టము చాలలేదు. దానికొరకు రెండవ అర్జీ ఆ కొట్టులోనే వ్రాసితిమి. ఈసారి మా సంఘ పెద్ద కూడ వచ్చి, బస్తామీద కూర్చుండి, అక్షర దోషములు దిద్దెను.